కంప్యూటర్ ఆటలలో ధ్వని లోపాలు

కంప్యూటర్ ఆటలలో ధ్వని లోపాలు అనగా వ్యక్తిగత కంప్యూటరుపై ఆడే ఆటలలో శబ్దం చిట్లడం, మధ్యలో తెగిపోవడం, ఆలస్యంగా రావడం, పాత్రల మాటలు వినిపించకపోవడం, శబ్దం వచ్చే దిశ తెలియకపోవడం, స్పీకర్లలో ఎడతెగని హోరు రావడం వంటి ఇబ్బందులు. ఇవి ఒకే కారణం వలన కలిగేవి కావు. ఆటలోని అమరికలు, ఆపరేటింగ్ సిస్టం, డ్రైవర్లు, తీగలు, స్పీకర్లు, ఇంటి విద్యుత్ సరఫరా వీటిలో ఏ ఒక్కటి సరిగా లేకపోయినా వినేవారికి తేడా తెలుస్తుంది.

ధ్వని బాగా లేనప్పుడు చాలామంది మొదట చేసే పని కొత్త హెడ్‌ఫోన్ లేదా కొత్త సౌండ్ కార్డు కొనడం. లోపం అమరికలలో గాని, విద్యుత్తులో గాని ఉన్నప్పుడు ఈ ఖర్చు వృథా అవుతుంది. వరంగల్ జిల్లాలోని నెక్కొండ వంటి మండల కేంద్రాలలో ఉండేవారు ఇటువంటి పరికరాల కోసం వరంగల్‌కో, సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటర్ మార్కెట్లకో వెళ్ళవలసి రావచ్చు. తీరా తెచ్చి బిగించిన తరువాత అదే హోరు మళ్ళీ వినిపిస్తే డబ్బుతో పాటు ఒక రోజు ప్రయాణం కూడా నష్టమే. లోపం ఎక్కడ ఉన్నదో ముందుగా తేల్చుకోవడానికి ప్రత్యేక పరికరాలేవీ అవసరం లేదు, వరుస తప్పకుండా పరీక్షిస్తే చాలు.

ధ్వని ప్రయాణం

ఆటలో ఒక తుపాకి పేలినప్పుడు ఆ శబ్దం చెవికి చేరేలోగా అనేక మజిలీలు దాటుతుంది. మొదట ఆట తన ఫైళ్ళలో భద్రపరచిన ధ్వనిని విప్పి, అదే సమయంలో వినిపించవలసిన సంగీతం, మాటలు, అడుగుల చప్పుడు వంటి ఇతర ధ్వనులతో కలుపుతుంది. ఈ మిశ్రమాన్ని ఆపరేటింగ్ సిస్టం అందుకొని, కంప్యూటరులో నడుస్తున్న ఇతర ప్రోగ్రాముల ధ్వనితో మళ్ళీ కలుపుతుంది. తరువాత డ్రైవరు దానిని సౌండ్ చిప్పుకు అందిస్తుంది. చిప్పులోని మార్పిడి సాధనం అంకెలను విద్యుత్ తరంగంగా మారుస్తుంది. ఆ తరంగం తీగ ద్వారా యాంప్లిఫయరుకు, అక్కడినుండి స్పీకరుకు చేరి గాలిలో కంపనంగా మారుతుంది. యూఎస్‌బీ హెడ్‌ఫోన్‌లలో ఈ మార్పిడి హెడ్‌ఫోన్‌కు చెందిన చిన్న చిప్పులోనే జరుగుతుంది.

అంకెల రూపంలోని ధ్వని నమూనాల వరుసగా ఉంటుంది. సీడీలలో సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి. ఆటలలోను, సినిమాలలోను సాధారణంగా 48,000 నమూనాలు వాడుతారు. ఒక పౌనఃపున్యాన్ని సరిగా నమోదు చేయడానికి దానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో నమూనాలు తీసుకోవాలి. మనిషి చెవి గ్రహించగల పై హద్దు సుమారు 20 కిలోహెర్ట్జ్ కాబట్టి ఈ రెండు వేగాలూ వినడానికి సరిపోతాయి. 48,000 నమూనాలకు బదులు 1,92,000 నమూనాలను ఎంచుకున్నంత మాత్రాన ఆటలోని ధ్వని మెరుగుపడదు. ఆట ఫైళ్ళలో లేని వివరాన్ని ఈ అమరిక సృష్టించలేదు.

చరిత్ర

1981లో వెలువడిన ఐబీఎం పీసీలో ధ్వని కోసం ఒక చిన్న స్పీకరు మాత్రమే ఉండేది. అది ప్రధానంగా ఒక్కో స్వరాన్ని కూతగా వినిపించేది. 1987లో వచ్చిన యాడ్‌లిబ్ కార్డు యమహా సంస్థ తయారుచేసిన చిప్పుతో సంగీతాన్ని వినిపించింది. 1989లో సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ సంస్థ విడుదల చేసిన సౌండ్ బ్లాస్టర్ కార్డు సంగీతంతో పాటు నమోదు చేసిన ధ్వనులను కూడా వినిపించగలిగింది. దానితో ఆటలలో మనుషుల మాటలు, పేలుళ్ళ శబ్దాలు సాధారణమయ్యాయి.

డాస్ కాలంలో ధ్వని రాకపోవడమే ప్రధాన సమస్య. కార్డు వాడే చిరునామా, ఇంటరప్ట్ సంఖ్య, డీఎంఏ సంఖ్య ప్రతి ఆటకూ విడిగా చెప్పవలసి వచ్చేది. ఒక్క అంకె తప్పినా ఆట మూగబోయేది, లేదా ఒకే శబ్దాన్ని ఆగకుండా వినిపించేది. 1995లో వచ్చిన విండోస్ 95, అదే సంవత్సరం మొదలైన డైరెక్ట్‌ఎక్స్ ఈ భారాన్ని ఆటగాడి నుండి తప్పించాయి. ఇంటెల్ 1997లో ఏసీ'97 ప్రమాణాన్ని, 2004లో హై డెఫినిషన్ ఆడియో ప్రమాణాన్ని ప్రవేశపెట్టడంతో సౌండ్ చిప్పు మదర్‌బోర్డులో భాగమైపోయింది. విడి కార్డు అవసరం చాలామందికి తీరిపోయింది.

మరొక పెద్ద మార్పు విండోస్ విస్టాతో వచ్చింది. 2007 జనవరిలో సాధారణ వినియోగదారులకు అందిన ఈ ఆపరేటింగ్ సిస్టంలో ధ్వని వ్యవస్థను మైక్రోసాఫ్ట్ కొత్తగా నిర్మించింది. డైరెక్ట్‌సౌండ్ ద్వారా ఆటలు నేరుగా సౌండ్ కార్డు శక్తిని వాడుకొనే మార్గం మూసుకుపోయింది. గుహలో ప్రతిధ్వని, గోడ వెనుక నుండి వచ్చే మందమైన శబ్దం వంటి ప్రభావాలను ఈ మార్గంపై ఆధారపడి వినిపించిన పాత ఆటలు వాటిని కోల్పోయాయి. కార్డు చెడిపోయిందనిపించినా, వాస్తవానికి మారినది కార్డు వెనుక ఉన్న వ్యవస్థ.

లోపాన్ని గుర్తించే క్రమం

లోపాన్ని కనుగొనడంలో పాటించవలసిన సూత్రం ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేయడం. ఒకేసారి డ్రైవరు, తీగ, అమరికలు అన్నీ మారిస్తే ధ్వని బాగుపడినా దేనివలన బాగుపడిందో తెలియదు. మళ్ళీ పాడైనప్పుడు మొదటికి రావలసి ఉంటుంది. ఈ క్రింది నాలుగు ప్రశ్నలకు సమాధానం దొరికితే లోపం ఉన్న చోటు చాలావరకు తేలిపోతుంది.

1. లోపం ఒక్క ఆటలోనే ఉన్నదా, అన్నింటిలోనూ ఉన్నదా? కంప్యూటరులో ఒక పాటను వినాలి, మరొక ఆటను నడపాలి. అవి బాగుండి ఒక్క ఆటే పాడైతే స్పీకర్లను, తీగలను అనుమానించవలసిన పని దాదాపుగా ఉండదు.

2. స్పీకర్లకు బదులు హెడ్‌ఫోన్ తగిలిస్తే లోపం ఉంటుందా? పోతే లోపం స్పీకర్లలో గాని, వాటి తీగలలో గాని, వాటి విద్యుత్ కనెక్షనులో గాని ఉన్నది.

3. అదే హెడ్‌ఫోన్‌ను మొబైల్ ఫోనుకు లేదా మరొక కంప్యూటరుకు తగిలిస్తే లోపం ఉంటుందా? అక్కడ కూడా ఉంటే హెడ్‌ఫోనే కారణం.

4. లోపం ఎప్పుడు వస్తున్నది? ఆట భారీగా ఉన్నప్పుడు, మైకులో మాట్లాడినప్పుడు, మౌసు కదిపినప్పుడు, కరెంటు పోయి ఇన్వర్టరు పనిచేస్తున్నప్పుడు వచ్చే లోపాలకు కారణాలు వేరువేరుగా ఉంటాయి.

అప్‌డేట్ చేసిన మరుసటి రోజు నుండే లోపం మొదలైతే డ్రైవరును పాత సంచికకు మార్చి చూడవచ్చు. విండోస్‌లోని డివైస్ మేనేజరులో ఇందుకు 'రోల్ బ్యాక్ డ్రైవర్' అనే సదుపాయం ఉన్నది.

ముఖ్యమైన లోపాలు, కారణాలు

చిట్లిన శబ్దం

పెద్ద పేలుళ్ళ వద్ద, సంగీతం ఉచ్ఛస్థాయిలో ఉన్నప్పుడు బర్రుమనే శబ్దం వస్తే అది సాధారణంగా హద్దు దాటిన ధ్వని. 16 బిట్ల ధ్వనిలో ఒక నమూనా విలువ -32,768 నుండి 32,767 వరకు మాత్రమే ఉండగలదు. అనేక ధ్వనులు కలిసి ఈ హద్దును మించినప్పుడు తరంగం శిఖరం కోసివేసినట్లు చదునైపోతుంది. ఆ కోత చెవికి గరగరగా వినిపిస్తుంది. ఈక్వలైజరులో మంద్ర స్వరాలను బాగా పెంచడం, 'బాస్ బూస్ట్', 'లౌడ్‌నెస్' వంటి సదుపాయాలను ఒకదానిపై ఒకటి వాడడం ఇందుకు ముఖ్య కారణాలు. వీటిని ఆపివేసి, ఆటలోని ప్రధాన ధ్వనిని కొంత తగ్గించి, లోటును స్పీకరు మీటతో పూరించుకుంటే చాలావరకు ఈ లోపం పోతుంది.

అన్నీ తగ్గించినా ఒకే స్పీకరు బర్రుమంటే దాని కాగితపు శంకువు చిరిగి ఉండవచ్చు. ఎడమ, కుడి తీగలను తారుమారు చేస్తే లోపం కూడా రెండవ వైపుకు మారిందా లేదా గమనించాలి. మారితే లోపం స్పీకరుకు ముందు ఉన్నది. మారకపోతే ఆ స్పీకరులోనే ఉన్నది.

టపటప శబ్దం, తెగిపోవడం

కంప్యూటరు ధ్వనిని నీటి తొట్టి వలె ముందుగా కొద్దిగా నింపి ఉంచుకొని అందిస్తుంది. ఈ తొట్టిని బఫరు అంటారు. 48,000 నమూనాల వేగంలో 480 నమూనాల బఫరు సరిగ్గా 10 మిల్లీసెకండ్లకు సరిపోతుంది. ఆ వ్యవధిలో తరువాతి వాయిదా అందకపోతే తొట్టి ఖాళీ అయి టప్పుమనే చప్పుడు వస్తుంది. ప్రాసెసరు పూర్తి భారంతో ఉన్నప్పుడు, వేడెక్కి తన వేగాన్ని తగ్గించుకున్నప్పుడు, వైఫై లేదా గ్రాఫిక్స్ డ్రైవరు ప్రాసెసరును ఎక్కువసేపు వదలనప్పుడు ఇలా జరుగుతుంది. దీనిని కొలవడానికి లేటెన్సీమాన్ వంటి ప్రోగ్రాములు ఉన్నాయి. ఏ డ్రైవరు ఆలస్యానికి కారణమో అవి పేరుతో సహా చూపిస్తాయి.

ఆట ఫ్రేముల వేగానికి హద్దు విధించడం, వెనుక నడిచే ప్రోగ్రాములను మూసివేయడం, ల్యాప్‌టాప్‌ను ఛార్జరుతో నడపడం, గాలి మార్గాలలోని దుమ్ము తుడవడం దీనికి చేయదగిన పనులు. ఎండాకాలంలో మధ్యాహ్నం వచ్చే టపటప శబ్దం రాత్రి పూట రాకపోతే వేడినే మొదట అనుమానించాలి.

మాటలు వినిపించకపోవడం

సంగీతం, చప్పుళ్ళు బాగా వినిపిస్తూ పాత్రల సంభాషణ మాత్రం మాయమవడం ఆటగాళ్ళను ఎక్కువగా తికమక పెట్టే లోపం. దీనికి రెండు ముఖ్య కారణాలున్నాయి. మొదటిది, ఆటలో గాని విండోస్‌లో గాని 5.1 స్పీకర్ల అమరిక ఎంచుకొని ఉండడం. ఈ అమరికలో సంభాషణ మధ్య స్పీకరుకు వెళ్తుంది. ఇంట్లో ఉన్నవి రెండు స్పీకర్లే అయితే ఆ మాటలు ఎక్కడా పలకవు. అమరికను 'స్టీరియో'కు మార్చగానే మాటలు తిరిగి వస్తాయి.

రెండవది, హెడ్‌ఫోన్ పిన్ను పూర్తిగా లోపలికి దిగకపోవడం. రెండు చెవులకూ ఉమ్మడిగా ఉండే తీగ అంటుకోనప్పుడు ఎడమ, కుడి ధ్వనుల మధ్య తేడా మాత్రమే వినిపిస్తుంది. మాటలు రెండు వైపులా సమానంగా ఉంటాయి కాబట్టి అవి ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. సినిమా పాట వినేటప్పుడు గాయకుని గొంతు పోయి వాద్యాలు మాత్రమే మిగలడం ఇదే లోపానికి గుర్తు. మైకు కలిగిన ఫోను హెడ్‌ఫోన్ పిన్నుకు నాలుగు వలయాలు ఉంటాయి. పాత కంప్యూటర్లలో మూడు వలయాల పిన్నుకు సరిపడే ఆకుపచ్చ, గులాబీ రంధ్రాలు వేరువేరుగా ఉంటాయి. ఆకుపచ్చది స్పీకరుకు, గులాబీది మైకుకు చెందినవి. వీటి నడుమ తక్కువ ధరకు లభించే చీలిక తీగను వాడాలి.

శబ్దం ఆలస్యంగా రావడం

తెరపై తుపాకి పేలిన తరువాత శబ్దం వినిపిస్తే చాలా సందర్భాలలో కారణం బ్లూటూత్. ధ్వనిని కుదించి, గాలిలో పంపి, తిరిగి విప్పడానికి సమయం పడుతుంది. సాధారణ బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లలో ఈ ఆలస్యం 100 నుండి 200 మిల్లీసెకండ్ల వరకు, కొన్నిసార్లు అంతకు మించి ఉంటుంది. పాటలు వినేవారికి ఇది తెలియదు. ఆటలో ప్రత్యర్థి అడుగుల చప్పుడును బట్టి తిరగవలసినవారికి మాత్రం ఇది ఓటమికి కారణం కాగలదు.

బ్లూటూత్‌లో మరొక చిక్కు కూడా ఉన్నది. మైకు పనిచేయడం మొదలుకాగానే పాత పద్ధతి హెడ్‌ఫోన్‌లు సంగీతపు మార్గం నుండి టెలిఫోను మార్గానికి మారతాయి. అందులో ధ్వని సెకనుకు 8,000 లేదా 16,000 నమూనాలకు పడిపోతుంది, ఎడమ కుడి తేడా కూడా పోతుంది. స్నేహితులతో మాట్లాడుతూ ఆడేవారికి ఆట మొత్తం పాత ఫోనులో విన్నట్లు వినిపించడానికి కారణం ఇదే. విడిగా ఒక మైకును వాడి హెడ్‌ఫోన్‌ను వినడానికి మాత్రమే ఉంచడం, లేదా తీగ ఉన్న హెడ్‌సెట్ వాడడం దీనికి పరిష్కారం. కొత్తదైన ఎల్ఈ ఆడియో ప్రమాణం ఈ పరిమితిని తగ్గిస్తుంది. అయితే కంప్యూటరు, హెడ్‌ఫోన్ రెండూ దానిని అంగీకరించాలి.

బ్లూటూత్ కాకుండా స్వంత యూఎస్‌బీ రిసీవరుతో వచ్చే హెడ్‌సెట్‌లలో ఆలస్యం తక్కువ. వీటిలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో పనిచేస్తాయి. యూఎస్‌బీ 3 పరికరాలు ఇదే పరిధిలో రేడియో రొదను వెదజల్లుతాయి. బయటి హార్డ్ డిస్కు పక్కనే రిసీవరు ఉంటే ధ్వని ముక్కలవుతుంది. రిసీవరును ఒక చిన్న పొడిగింపు తీగతో దూరం జరిపితే సరిపోతుంది.

మాట్లాడగానే ఆట శబ్దం తగ్గిపోవడం

విండోస్ ఎవరైనా ఫోను సంభాషణ మొదలుపెట్టారని భావించినప్పుడు ఇతర ధ్వనులను 80 శాతం తగ్గించే ఏర్పాటు కలిగి ఉన్నది. ఆటలోని మాటల సదుపాయం దీనిని ప్రేరేపించవచ్చు. పాత సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లోని 'కమ్యూనికేషన్స్' విభాగంలో 'డూ నథింగ్' అనే అంశాన్ని ఎంచుకుంటే ఈ తగ్గింపు ఆగిపోతుంది.

దిశ తెలియకపోవడం

రెండు చెవులకు చేరే ధ్వనిలోని సమయ భేదాన్ని, తీవ్రతా భేదాన్ని, చెవి డొప్ప వలన కలిగే మార్పులను అనుకరించి హెడ్‌ఫోన్‌లోనే చుట్టూ ధ్వని ఉన్న అనుభూతిని ఆటలు కలిగిస్తాయి. విండోస్ సోనిక్, డాల్బీ అట్మాస్ వంటివి, హెడ్‌ఫోన్‌తో వచ్చే ప్రోగ్రాములు కూడా ఇదే పని చేస్తాయి. ఆటలోనూ విండోస్‌లోనూ ఒకేసారి ఈ సదుపాయం నడిస్తే ధ్వని రెండుసార్లు వడపోతకు గురై డొల్లగా, దూరంగా వినిపిస్తుంది. ఈ రెండింటిలో ఒక్కటే ఉంచాలి. ఆటలో ఉన్నదానికి ప్రతి శబ్దం ఎక్కడ పుట్టిందో ఖచ్చితంగా తెలుసు కాబట్టి సాధారణంగా దానిని ఉంచడం మేలు.

విద్యుత్తు, ఎర్తింగు

అమరికలన్నీ సరిగా ఉన్నా పోని హోరుకు ఇంటి విద్యుత్తు కారణం కావచ్చు. నెక్కొండ మండల కేంద్రం వరంగల్, మహబూబాబాద్‌ల మధ్య రైలు మార్గంపై ఉన్నది. ఇటువంటి వ్యవసాయ ప్రాంతపు ఊళ్ళలో కంప్యూటరుకు, ఫ్రిజ్జుకు, నీటి మోటారుకు ఒకే ఇంటి వైరింగు నుండి కరెంటు అందుతుంది. మోటారు మొదలైనప్పుడు, ఆగినప్పుడు తీగలలో కలిగే కుదుపు స్పీకరులో టప్పుమని వినిపిస్తుంది. ఇది ఆటకు సంబంధించిన లోపం కాదు, ఏ ఆట లేనప్పుడు కూడా వినిపిస్తుంది.

భారతదేశంలో గృహ విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. స్పీకరులో ఎడతెగకుండా వినిపించే మంద్రమైన హోరు సాధారణంగా 50 లేదా 100 హెర్ట్జ్‌ల వద్ద ఉంటుంది. కంప్యూటరును ఒక ప్లగ్గుకు, స్పీకర్లను మరొక గదిలోని ప్లగ్గుకు తగిలించినప్పుడు, లేదా కేబుల్ టీవీ తీగ ఉన్న టీవీకి కంప్యూటరును కలిపినప్పుడు రెండు వేరు మార్గాలలో ఎర్తు ఏర్పడి వాటి మధ్య చిన్న విద్యుత్ ప్రవాహం నడుస్తుంది. ఆడియో తీగ గుండా పోయే ఆ ప్రవాహమే హోరు. దీనిని ఇలా పరీక్షించవచ్చు.

- స్పీకరు మీటను పూర్తిగా తగ్గించినా హోరు మారకపోతే లోపం స్పీకరు యాంప్లిఫయరులో లేదా దాని సరఫరాలో ఉన్నది. మీటతో పాటు హోరు తగ్గితే అది ముందునుండి వస్తున్నది.
- ల్యాప్‌టాప్ ఛార్జరును తీసివేయగానే హోరు ఆగితే కారణం ఛార్జరు లేదా ఎర్తింగు.
- కేబుల్ టీవీ తీగను విప్పగానే హోరు ఆగితే రెండు ఎర్తుల మార్గమే కారణం.
- మౌసు కదిపినప్పుడు, ఆటలో దృశ్యం మారినప్పుడు జుయ్‌మనే సన్నని రొద మారుతుంటే అది కంప్యూటరు లోపలి రొద. క్యాబినెట్ ముందు రంధ్రానికి బదులు వెనుక ఉన్న ఆకుపచ్చ రంధ్రాన్ని వాడి చూడాలి.

కంప్యూటరు, మానిటరు, స్పీకర్లు అన్నింటినీ సరైన ఎర్తు కలిగిన ఒకే బోర్డుకు తగిలించడం మొదటి పరిష్కారం. అప్పటికీ పోకపోతే ఆడియో తీగ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటరు అనే చిన్న సాధనాన్ని పెట్టవచ్చు. అందులోని ట్రాన్స్‌ఫార్మరు ధ్వనిని పోనిచ్చి ప్రవాహాన్ని ఆపుతుంది.

కరెంటు పోయి ఇన్వర్టరుపై నడుస్తున్నప్పుడు మాత్రమే రొద వస్తే ఇన్వర్టరు రకం చూడాలి. తక్కువ ధర ఇన్వర్టర్లు చతురస్రాకార తరంగాన్ని ఇస్తాయి. అందులో 50 హెర్ట్జ్‌తో పాటు 150, 250, 350 హెర్ట్జ్‌ల భాగాలు కూడా బలంగా ఉంటాయి. ఫ్యాను గుయ్‌మనడం, ట్రాన్స్‌ఫార్మరుతో పనిచేసే స్పీకర్లు జుయ్‌మనడం ఇందువలననే. సైన్ వేవ్ ఇన్వర్టరుతో ఈ రొద చాలావరకు ఉండదు. వోల్టేజి బాగా పడిపోయినప్పుడు కూడా ఇటువంటి స్పీకర్లు హోరెత్తి, చిట్లుతాయి. కంప్యూటరులోని ఎస్‌ఎమ్‌పీఎస్ వోల్టేజి మార్పులను చాలావరకు సరిచేసుకుంటుంది కాబట్టి కంప్యూటరు మామూలుగానే నడుస్తుంది. దోషం స్పీకరుదనో, కార్డుదనో పొరబడడానికి ఇది ఒక కారణం.

హోరు తగ్గుతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్నును విరిచేయడం, రెండు పిన్నుల సాకెట్టులో దూర్చడం ఎంతమాత్రం చేయరాదు. హోరు తగ్గినా, లోపల తీగ తెగి క్యాబినెట్‌కు తగిలినప్పుడు ఆ కరెంటు పోవడానికి దారి ఉండదు. అప్పుడు ముట్టుకున్న మనిషి గుండానే పోతుంది. కంప్యూటరు డబ్బాను తాకినప్పుడు జివ్వుమంటే అది ఎర్తు సరిగా లేదనడానికి హెచ్చరిక. ఉప్పు, బొగ్గు వేసి చేసిన పాతకాలపు ఎర్తు గుంతలు ఎండాకాలంలో తడి ఆరి పనిచేయడం తగ్గుతుంది. వాటిలో నీరు పోయడం వాడుకలో ఉన్న పద్ధతే. అయినా ఎలక్ట్రీషియనుతో పరీక్ష చేయించడం అవసరం.

పాత ఆటలు

కొన్ని పాత ఆటలలో సంగీతం ఫైళ్ళుగా కాకుండా సీడీపై పాటల వలె ఉండేది. 1996 నాటి క్వేక్ ఇందుకు ఉదాహరణ. ఆట ఫైళ్ళను మాత్రమే నకలు చేసిన సీడీతో ఆడితే శబ్దాలు వస్తాయి, సంగీతం రాదు. ఆ కాలపు కంప్యూటర్లలో చాలావాటికి సీడీ డ్రైవు నుండి సౌండ్ కార్డుకు ఒక సన్నని తీగ కూడా ఉండాలి. అది బిగించకపోయినా ఇదే ఫలితం. పరిమాణం తగ్గించడానికి సంగీతాన్ని తొలగించి, మాటలను మరింత కుదించి పంచిన అనధికార నకళ్ళలో పోయిన నాణ్యత ఏ అమరికతోనూ తిరిగి రాదు.

డాస్ ఆటలను నేటి కంప్యూటర్లలో ఆడడానికి 2002లో మొదలైన డాస్‌బాక్స్ ఉపయోగపడుతుంది. ఇది సౌండ్ బ్లాస్టర్ 16 కార్డును అనుకరిస్తుంది. విస్టా తరువాత ప్రతిధ్వని ప్రభావాలు కోల్పోయిన ఆటల కోసం క్రియేటివ్ సంస్థ తన కార్డులకు ఆల్కెమీ అనే ప్రోగ్రామును ఇచ్చింది. అది డైరెక్ట్‌సౌండ్ పిలుపులను ఓపెన్‌ఏఎల్ మార్గంలోకి మళ్ళిస్తుంది. ఇంటర్నెట్ దుకాణాల ద్వారా కొన్న ఆటలలో ధ్వని ఫైళ్ళు పాడైతే మొత్తం తిరిగి దించుకోనవసరం లేదు. ఉదాహరణకు స్టీమ్‌లో ఫైళ్ళను సరిచూసి పాడైనవాటిని మాత్రమే తెచ్చే సదుపాయం ఉన్నది.

లక్షణాన్ని బట్టి మొదట చూడవలసినవి

- పెద్ద శబ్దాల వద్ద మాత్రమే బర్రుమనడం: ఈక్వలైజరు, బాస్ బూస్ట్
- ఆట భారీగా ఉన్నప్పుడు టపటప: వేడి, ప్రాసెసరు భారం, డ్రైవర్లు
- సంగీతం ఉండి మాటలు లేకపోవడం: 5.1 అమరిక, సగం దిగిన పిన్ను
- మైకు వాడగానే ఫోనులో విన్నట్లు ఉండడం: బ్లూటూత్
- మైకు వాడగానే శబ్దం తగ్గడం: కమ్యూనికేషన్స్ అమరిక
- శబ్దం డొల్లగా, దూరంగా ఉండడం: రెండుచోట్ల చుట్టుధ్వని సదుపాయం
- ఆట లేకున్నా హోరు: ఎర్తింగు, ఇన్వర్టరు, స్పీకరు సరఫరా
- రెండు స్పీకర్లూ పలికినా మంద్ర స్వరాలు లేకపోవడం: ఒక స్పీకరుకు ఎరుపు, నలుపు తీగలు తారుమారు కావడం

మదర్‌బోర్డు రొద వెనుక రంధ్రంలో కూడా పోకపోతే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనడం సమంజసం. మార్పిడి క్యాబినెట్ బయట జరుగుతుంది కాబట్టి లోపలి రొద చాలావరకు తగ్గుతుంది. ఎర్తు మార్గం వలన వచ్చే హోరు మాత్రం దీనితో పోదు.

వినికిడి

ధ్వని నాణ్యత వినోదానికి మాత్రమే పరిమితమైన విషయం కాదు. చూపు లేనివారు ధ్వనినే ఆధారంగా చేసుకొని ఆడగలిగే ఆటలు ఉన్నాయి. 2023లో వెలువడిన ఫోర్జా మోటార్‌స్పోర్ట్‌లో మలుపులను, బ్రేకు వేయవలసిన చోటును శబ్దాల ద్వారా తెలిపే ఏర్పాటు ఉన్నది. అటువంటి ఆటగాడికి ఎడమ, కుడి తారుమారైతే ఆట మొత్తం అడ్డం తిరుగుతుంది.

లోపాన్ని సరిచేయకుండా శబ్దాన్ని పెంచుతూ పోవడం చెవులకు హాని. హోరులోను, సీలింగ్ ఫ్యాను చప్పుడులోను మునిగిన అడుగుల శబ్దం వినడానికి ఆటగాడు శబ్దాన్ని పెంచుతాడు. దానితో తుపాకి శబ్దం కూడా అంతే పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2019లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం పెద్దలకు సురక్షితమైన హద్దు వారానికి 40 గంటలు 80 డెసిబెళ్ళు, పిల్లలకు అదే వ్యవధికి 75 డెసిబెళ్ళు. ప్రతి 3 డెసిబెళ్ళ పెరుగుదలకు అనుమతించిన సమయం సగమవుతుంది. 80 డెసిబెళ్ళకు 40 గంటలైతే 83కు 20 గంటలు, 86కు 10 గంటలు, 89కి 5 గంటలు మాత్రమే. ఆడిన తరువాత చెవులలో గుయ్‌మనే శబ్దం మిగిలితే అది స్పీకరు లోపం కాదు, చెవి అలసిందనడానికి గుర్తు. స్పీకరును మార్చుకోవచ్చు, పెద్ద శబ్దాల వలన నశించిన లోపలి చెవి కణాలు మాత్రం తిరిగి పుట్టవు.